నాలుగో పట్టికలో గీతలు

ఆ వ్యాసం పదకొండు పుటలు. ఏడో పుట మీద నాలుగో పట్టిక ఉంది. అందులో ముప్ఫై రెండు ఇళ్ళ వివరాలున్నాయి: ఏ ఇంటికి ఎంత భూమి, ఏడాది తిండికి ఎన్ని బస్తాల వడ్లు, ఆ వడ్లు ఇంట్లో దంపించేవారా, మిల్లుకు పంపేవారా, మిల్లుకు మారినది ఏ సంవత్సరంలో. చిట్టచివరి గడికి "దంపుడు మనుషులకిచ్చిన కూలి" అని పేరు. ఆ గడి కింద ముప్ఫై రెండు అడ్డగీతలున్నాయి. అంకె ఒక్కటీ లేదు.

ఆ గీతలు గీసినవాడు మాణిక్యాలరావు. అంబాజీపేటకు రెండు మైళ్ళ దూరంలో, వరీ కొబ్బరీ పండించే మోతుబరి ఇంట్లో పుట్టాడు. కాకినాడలో ఒక కళాశాలలో అర్థశాస్త్రం చెప్పేవాడు. పాఠం చెప్పడం జీతానికి. అతని మనసంతా పరిశోధన మీద ఉండేది. కొత్త పనిముట్టు ఒక ఊళ్ళోకి వచ్చినప్పుడు దాన్ని మొదట ఎవరు చేపడతారు, వారిని చూసి ఎవరు చేపడతారు, ఆఖరిదాకా ఎవరు మొండికేస్తారు, అందరికీ కలిపి లాభమెంత? ఈ నాలుగు ప్రశ్నలు పట్టుకుని అతను మూడు వ్యాసాలు ఇంగ్లీషులో రాసి మద్రాసు పత్రికలో అచ్చువేయించాడు. మొదటిది ఇనపనాగలి మీద, రెండోది సీమ ఎరువు మీద. ఆ రెండింటినీ అచ్చులో చూసి సంతోషించినది అతని భార్య వెంకటరమణమ్మ ఒక్కతే; ఆమెకు ఇంగ్లీషు రాదు.

మూడోది వడ్లు ఆడించే హల్లరు మిల్లుల మీద. అది 1950లో వచ్చింది. అందులో ఒక వాక్యం పదిమంది కంటా పడింది: "ఈ ప్రాంతంలో దంపుడు ఇంటి చాకిరీలో భాగమే తప్ప కూలిపని కాదు, కనుక మిల్లుల రాకవల్ల కూలి పోగొట్టుకున్నవారు లేరు, ఆదా అయిన శ్రమ అంతా నికరమైన లాభం." అతని ఆచార్యుడు ఆ పట్టికలో ఒక్క మరక లేదని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ వ్యాసం మీదనే అతని ఉద్యోగం ఖాయమైంది.

ఆ పట్టిక ఎలా తయారైందో చెప్పాలి.

1949 వేసవి సెలవుల్లో మాణిక్యాలరావు అచ్చువేసిన ప్రశ్నల కాగితాలు పట్టుకుని సొంత ఊరికి వచ్చాడు. తండ్రి గోవిందరాజులు ఊళ్ళో పెద్దరైతు. కొడుకు ఎండలో ఇల్లిల్లూ తిరగడం ఆయనకు నచ్చలేదు. తన ఇంటి అరుగు మీద బల్ల వేయించి, ఎవరినడగాలో వాళ్ళను అక్కడికే పిలిపించాడు. ఆయన వాలుకుర్చీ ఆ బల్ల పక్కనే ఉంది. రైతులు అరుగెక్కి కూర్చున్నారు. దంపుడు ఆడవాళ్ళు అరుగు దిగువన నిలబడ్డారు.

వారిలో ముందు నిలబడ్డది వీరాయమ్మ. నలభై ఐదేళ్ళ మనిషి. తన అత్తగారి చేతిలోని రోకలి అందుకుని ఈ ఇంట్లోనే పాతికేళ్ళు వడ్లు దంపింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచి కోడలు బుజ్జమ్మ కూడా ఆమెతోనే దంపింది. రెండేళ్ళ కిందట ఊళ్ళో హల్లరు మిల్లు పెట్టాక వాళ్ళ రోకళ్ళు మూలకు చేరాయి. ఆ మిల్లులో గోవిందరాజులుకు పావలా వాటా ఉంది.

"వీరాయమ్మా, మా ఇంట్లో దంపినందుకు నీకు కూలెంత?" అని మాణిక్యాలరావు అడిగాడు.

వీరాయమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "కూలేంటండి చినబాబుగారూ! మేవేవన్నా కూలికి దంపేవోళ్ళవాండి? మాది వాడికండి. మీ తాతగారి కాణ్ణించి వాడిక."

"అదీ మాట!" గోవిందరాజులు కుర్చీ చేతి మీద చరిచాడు. "ఇంటి ఆడకూతుళ్ళకి పెట్టుకున్నట్టు పెట్టుకుంటాం గానీ కూలిస్తామేవిట్రా? రాసుకో."

"పెట్టడమంటే ఏం పెట్టేవారండి నాన్నగారూ?"

"ఏదో పెడతాం. నూకలో, తవుడో. దానికి లెక్కేవిటి? మీ కాలేజీలో వడ్డించిన మెతుకులు కూడా లెక్కపెడతారేవిట్రా అబ్బాయ్?"

అరుగంతా నవ్వింది. వీరాయమ్మ కూడా నవ్వింది. మాణిక్యాలరావు చివరి గడిలో గీత గీశాడు.

ఆ "ఏదో" ఎంతో ఊళ్ళో అందరికీ తెలుసు. బియ్యం ఇంటివారివి; నూకలూ తవుడూ దంపినవారివి. నూకలు ఆ ఇళ్ళల్లో రాత్రి అన్నం. తవుడు ఒక గేదెకు దాణా. గేదె పాలు అమ్మితే ఉప్పూ కిరసనాయిలూ. దీన్ని కూలి అని ఇటువారూ అనలేదు, అటువారూ అనలేదు. ఇటువారికి అలా అనడం పరువు తక్కువ. అటువారి కారణం అంతకన్నా గట్టిది. కూలిమనిషి అయితే రేపు ఆమె బదులు మరొకతెను పిలవవచ్చు. వాడిక మనిషిని కాదని మరొకరిని గడప లోపలికి రానివ్వడానికి వీల్లేదు. జ్వరమొచ్చి పది రోజులు రాకపోయినా రోలు ఆమెదే. ఆ ఆడవాళ్ళకు చట్టమిచ్చిన హక్కు ఒక్కటీ లేదు; ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే. కాబట్టి తాము కూలి పుచ్చుకోవడం లేదని చెప్పడం వాళ్ళకు గర్వం కాదు, రక్షణ. మిల్లు వచ్చిన నాడు ఆ రక్షణే వాళ్ళ మీద సాక్ష్యమైంది. కూలి లేదన్నారు గనుక పోయిందీ లేదని తేలింది.

ఇదంతా మాణిక్యాలరావుకు తెలియదా అంటే, తెలుసు. పదిహేడు కాగితాల అంచుల్లో "నూకలు, తవుడు: విడిగా అడగాలి" అని పెన్సిలుతో రాసుకున్నాడు. విడిగా అడగాలంటే వాళ్ళ పేటకు వెళ్ళాలి. వెళ్ళి అడిగితే కుంచాల లెక్క వస్తుంది. లెక్క వస్తే, ఇప్పుడా తవుడు ఎవరి గేదెలు తింటున్నాయన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని ఉంది. సెలవులు ఇంకా తొమ్మిది రోజులుండగానే అతను కాకినాడ వెళ్ళిపోయి, రబ్బరు తీసుకుని ఆ పదిహేడు కాగితాల అంచులూ తుడిచేశాడు.

పొరపాటు చేసినవాడికి తాను చేస్తున్నదేమిటో తెలియదు. రబ్బరు పట్టుకున్న చేతికి తెలుసు.

ఆరేళ్ళు గడిచాయి. 1955లో పల్లెల్లో హల్లరు మిల్లుల సంగతి విచారించమని ప్రభుత్వం ఒక అధికారిని వేసింది. నూట నలభై మంది దంపుడు ఆడవాళ్ళు వేలిముద్రలు వేసిన అర్జీ ఒకటి ఆయనకు చేరింది. వాళ్ళు మిల్లులు మూసెయ్యమనలేదు. మిల్లు తవుడులో సగం, ఆ మిల్లువల్ల పని పోయినవాళ్ళకు పంచమన్నారు. అంతే.

మిల్లుల యజమానుల తరఫు వకీలు అమలాపురం నుంచి కాకినాడ వచ్చి, మాణిక్యాలరావు ఇంటి ముందుగదిలో కూర్చున్నాడు.

"మాస్టారూ, మీ వ్యాసం మా పాలిట బంగారమండి. ఏడో పేజీ అయితే నాకు కంఠతా వచ్చేసిందండి."

"అది ఆరేళ్ళనాటి లెక్కండి."

"లెక్కలకి తలనెరుస్తుందాండి? మీరు కొత్తగా ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. ఇది తమరు రాసిందేనా అంటే ఆయ్ అనండి. మిగతా పని మీ పట్టికే చూసుకుంటుంది. నాన్నగారు కూడా తమరు వస్తారనే చెప్పేరండి."

మాణిక్యాలరావు వస్తానన్నాడు. వకీలు వెళ్ళాక పెట్టె అడుగునుంచి పాత ప్రశ్నల కాగితాలు తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. పెన్సిలు పోయింది గానీ, గట్టిగా నొక్కి రాసిన చోట గుంటలు మిగిలే ఉన్నాయి. ఏటవాలు వెలుతురులో అక్షరాలు చదవగలిగాడు. ఆ కాగితాలన్నీ సంచిలో పెట్టుకున్నాడు.

విచారణకు ముందురోజే బయలుదేరి, కోటిపల్లి రేవు దాటి, మధ్యాహ్నానికి అంబాజీపేటలో దిగాడు. ఇంటికి వెళ్ళే దారిలో ఒక కొబ్బరి కొట్టు ఆవరణలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, నీరింకి ఎండిన కురిడీ కాయలకు అంటుకున్న పీచు కత్తులతో గీకుతున్నారు. అందులో వీరాయమ్మ ఉంది. ఆమే ముందు గుర్తుపట్టింది.

"ఎవరూ, చినబాబుగారాండి! కాకినాడలో నీడపట్టున కూకుని గచ్చకాయ రంగు కాస్తా గంధం రంగైపోయేరు!"

"బాగున్నావా వీరాయమ్మా?"

"బాగుండక ఏంటండి. కూకుని చేసే పని. రోకలి ఎత్తక్కర్లేదు, నడుం నొప్పీ లేదు. మిల్లోళ్ళు పుణ్యం కట్టుకున్నారు."

పక్కనున్న బుజ్జమ్మ చేతిలో కురిడీ తిప్పుతూ, "నడుం నొప్పి పోయిందండి, దాంతోపాటే మా గేదె కూడా పోయింది," అంది.

"గేదెకేమైంది?"

"తవుడు లేకుండా ఏం తింటదండి? మిల్లు గొట్టంలో పొగ పెట్టమంటారా?"

ఆవరణంతా నవ్వులు. మాణిక్యాలరావు కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆనాడు అరుగు దగ్గర నేనడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

వీరాయమ్మ కత్తి ఆపింది. "మీరు కూలి అడిగేరు. మాకు కూలి లేదు. లేందాన్ని ఉందని ఎలా చెప్పేదండి?"

"నూకల సంగతి చెప్పి ఉండవచ్చు కదా."

"పెదబాబుగారు కుర్చీలో కూకుని ఉండగానాండి? మంచి మాటే! రెండు పోట్లు ఎక్కువేస్తే నాలుగు నూకలు ఎక్కువ రాలతాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నోరు విప్పి కుంచాల్లెక్కన చెప్పుకుంటే ఇద్దరికీ పరువు పోద్ది." ఆమె మళ్ళీ కురిడీ అందుకుంది. "అయినా మీకు తెలీదాండి? నిక్కర్లేసుకుని మా రోలు కాడ గొంతుక్కూచుని నా చేటలో నూకలు బుక్కింది మీరు కాదేంటి? మీ అమ్మగారు కడుపునొప్పొస్తదని కేకలేసేవోరు."

అతను సంచి ఈ భుజం మీదనుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"రేపు అమలాపురం వస్తన్నారంటగా. మేవూ వస్తన్నాం. బాబుగారు ఉన్నదున్నట్టు చెప్తే చాలని అనుకుంటన్నావండి."

"ఉన్నదున్నట్టే చెబుతాను," అన్నాడు మాణిక్యాలరావు. ఆ మాట అన్నప్పుడు అతను అబద్ధమాడలేదు. అలాగే చెప్పాలనుకున్నాడు.

మరునాడు విచారణ జరిగిన సావడిలో మిల్లుల యజమానులకూ పెద్దరైతులకూ బెంచీలు వేశారు. గోవిందరాజులు రెండో వరసలో కూర్చున్నాడు. అర్జీ పెట్టిన ఆడవాళ్ళలో వచ్చిన ముప్ఫై, నలభై మందినీ వరండాలో నిలబెట్టారు. కిటికీలు తెరిచి ఉన్నాయి కనుక వాళ్ళకు అవకాశం ఇచ్చినట్టే లెక్క.

వకీలు అచ్చు వ్యాసం చేతికిచ్చాడు. "ఇది తమరు రాసినదేనాండి?"

"ఆయ్."

"నాలుగో పట్టికలోని వివరాలు ఊళ్ళోవాళ్ళు తమకు చెప్పినవేనా?"

"అవునండి."

"దంపుడు ఆడవాళ్ళను కూడా అడిగేరా?"

"అడిగానండి."

"వాళ్ళలో ఒక్కరైనా తమకు కూలి ముట్టిందని చెప్పేరా?"

"ఒక్కరూ చెప్పలేదండి."

నాలుగు జవాబులు. నాలుగూ నిజాలే. ఏ న్యాయస్థానమూ వీటిలో ఒక్కదాన్ని పట్టుకుని అతన్ని దోషి అనలేదు. అర్జీదారులకు వకీలు లేడు కనుక ఐదో ప్రశ్న అడిగేవారు లేరు. చివరికి అధికారే కలం కింద పెట్టి మర్యాదగా అడిగాడు: "లెక్చరరు గారూ, ఈ పట్టిక గురించి మీరింకేమైనా చెప్పదలచుకున్నారా?"

సంచి అతని కాళ్ళ దగ్గరే ఉంది. కాగితాలు అందులో ఉన్నాయి. వంగి తీసి ఆ బల్ల మీద పెడితే చాలు. మాణిక్యాలరావు రెండో వరసవైపు చూశాడు. తండ్రి బెదిరించలేదు, బతిమాలలేదు. భుజం మీద కండువా సర్దుకుంటున్నాడు. పక్కనున్న మిల్లు యజమానితో "మావాడే" అని తృప్తిగా చెబుతున్నాడు. మద్రాసులోని ఆచార్యుడు గుర్తొచ్చాడు. ఖాయమైన ఉద్యోగం గుర్తొచ్చింది. తుడిచేసిన కాగితాలు చూపిస్తే ఎవరు తుడిచారని అడుగుతారన్నది అన్నిటికన్నా ముందు గుర్తొచ్చింది.

"లేదండి," అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు వరండాలో ఆడవాళ్ళు దారి ఇచ్చారు. వీరాయమ్మ ముఖంలో అతను కోపం కోసం వెతికాడు. అది ఉంటే బాగుండుననిపించింది.

"నిజమే చెప్పేరు బాబూ," అంది ఆమె. "మేం చెప్పలేదు."

నాలుగు నెలల తరవాత అర్జీ కొట్టేశారు. ఉత్తర్వులో నాలుగో పట్టిక పేరు రెండుచోట్ల ఉంది. "కూలి ఉన్నట్టు రుజువు లేనందున నష్టమూ లేదు" అని తీర్పు. ఆ ఉత్తర్వు నకలును వకీలు అభినందనలతో అతనికి పంపించాడు.

ఆ తరవాత మాణిక్యాలరావు కొత్త వ్యాసం రాయలేదు. తరగతిలో వేతనమంటే ఏమిటో నిర్వచనం చెప్పవలసిన రోజున పుస్తకం ఒక విద్యార్థి చేతికిచ్చి చదివించేవాడు. ఏటా కళాశాలవారు అధ్యాపకుల ప్రచురణల జాబితా అడుగుతారు. అతను మూడోది వదిలేసి రెండే రాసి ఇచ్చాడు. ఆఫీసు గుమాస్తా నూకయ్య సొంత చేత్తో మూడోది చేర్చి తెచ్చి, "అసలుదే మర్చిపోయేరేంటండి! మీ పేరు నిలబెట్టింది ఇదే కదండీ," అని చూపించి సంతోషపడ్డాడు. దాన్ని కొట్టేయమనడానికి కారణం చెప్పాలి. మాణిక్యాలరావు సంతకం పెట్టాడు. మరుసటి ఏడూ అలాగే పెట్టాడు.

1957 వేసవిలో మళ్ళీ ఊరికి వెళ్ళాడు. ఈసారి అరుగెక్కలేదు. నేరుగా దంపుడు ఆడవాళ్ళుండే పేటలోకి నడిచాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ వీధిలోకి అతను అడుగుపెట్టడం అదే మొదలు. అతన్ని చూసి చుట్టలు ఆర్పేశారు. తొమ్మిది రోజులు వెళ్ళాడు. మూడో రోజుకు గానీ ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. తొమ్మిది మంది చెప్పింది రాసుకున్నాడు: వారానికి ఎన్ని నూకలు, ఎంత తవుడు, గేదె ఉండేదా, ఎప్పుడు అమ్మారు. ఆ లెక్కతో, వాళ్ళ పేర్లతో సహా పత్రికకు ఒక సవరణ పంపాడు. నాలుగో పట్టికలోని గీతలు అబద్ధమని, అది తెలిసే గీశానని, ఆ ఊరి మిల్లులో తన తండ్రికి వాటా ఉన్న సంగతి దాచానని రాశాడు.

పత్రిక దాన్ని ఆఖరి పుటలో, ప్రకటనల పైన, సన్న అక్షరాల్లో అరపేజీ వేసింది. ఆచార్యుడు జవాబు రాయడం మానేశాడు. విచారణ ముగిసిపోయినందున తిరిగి తెరవడం వీలుకాదని ప్రభుత్వం నుంచి రెండు పంక్తుల ఉత్తరం వచ్చింది. గోవిందరాజులు మాత్రం సంగతి తెలుసుకుని, మళ్ళీ ఊరికి వచ్చిన కొడుకును నిలబెట్టి, "నన్ను ఇంగ్లీషులో తిట్టేవు గాబట్టి బతికేనురా. అదే తెలుగులో అయితే సంతకి వెళ్ళగలుగుదునా?" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో మాణిక్యాలరావుకు అప్పుడు తెలిసింది. తప్పు చేసినదీ, ఒప్పుకున్నదీ కూడా, ఎవరిపట్ల చేశాడో వాళ్ళకు రాని భాషలోనే.

ఆ సాయంత్రమే పత్రిక పట్టుకుని వీరాయమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మం ముందు పీట వేసింది. అతను వాక్యం వాక్యం తెలుగు చేసి చదివాడు. ఆమె మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని విన్నది.

"అయితే ఇప్పుడు తవుడు ఇస్తారాండి?"

"ఇవ్వరు."

"మరేంటండి ఇది?"

"మీకు కూలి ఉండేదని రాశాను. అది పోయిందని రాశాను. లేదన్నది నా అబద్ధమని రాశాను."

వీరాయమ్మ మోకాళ్ళ చుట్టూ కట్టుకున్న చేతులు విడదీసింది. "వాడిక మనిషిని ఆఖరికి కూలిమనిషిని చేసేరన్నమాట," అంది. నవ్విందో లేదో అతనికి తెలియలేదు. తరవాత చేయి చాచింది. "పేర్లు ఎక్కడున్నాయో చూపించండి."

అతను వేలు పెట్టి తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లెక్క అయ్యాక చివరి వేలు మడవకుండా అలాగే పట్టుకుంది.

"మా తోడికోడలు నూకాలమ్మ ఏదండి?"

"ఆవిడ..." మాణిక్యాలరావు ఆగాడు. "నేను వచ్చేసరికి పోయిందన్నారు కదా. చెప్పడానికి లేదు కనుక..."

"పోయినేడు కార్తీకంలో పోయిందండి. పోయినోళ్ళు దంపలేదాండి?"

ఈసారి ఎవరూ కుర్చీలో కూర్చుని లేరు. రబ్బరు అతని చేతిలో లేదు. అయినా ఒక మనిషి పేరు ఉండవలసిన చోట మళ్ళీ ఖాళీయే మిగిలింది.

"అదీ నేనూ ఒకే రోలు చుట్టూ నిలబడ్డవోళ్ళం," అంది వీరాయమ్మ. "దాని పోటు ఎంత పడేదో నాకు తెలీదేంటండి? నన్నడగండి, చెప్తాను. దానికి గేదె లేదు. తవుడు కోళ్ళకేసేది. పెళ్ళిళ్ళ నెలల్లో అయితే..." ఆమె ఆగి అతని చేతులవైపు చూసింది. "రాసుకోరేంటండి?"

మాణిక్యాలరావు జేబులోంచి కలం తీశాడు. అతను మూత తీసి, ఆ సన్న అక్షరాల అరపేజీ అంచున, నూకాలమ్మ అని రాశాడు.